‘కొరొనాడో సంతానము’ : నిక్షేపకథావిమర్శనము

అమెరికా సంయుక్తరాష్ట్రముల నైరృతిభాగమున, టెక్సాసు మొదలుకొని ఆరిజోనా వఱకుఁ బరచుకొనియున్న మెట్టనేలలలో, స్పెయినుదేశీయులు దాఁచి విడిచిపోయిన బంగారమునుగూర్చియు వెండినిగూర్చియుఁ జెప్పుకొను కథలకు లెక్క లేదు. ఇంచుమించుగఁ బ్రతికథయందును నొక మాఱుమూల గండి యుండును. స్పెయినుభాషలో దానికిఁ ‘గాన్యోన్’ అని పేరు. గండికోటయొద్దఁ బెన్నానది కొండను జీల్చుకొని పాఱు తావును జూచినవారికి దాని యాకారమును వేఱుగ వర్ణింపఁ బనిలేదు. ఆ గండిలో నొక గుహ, గుహలోఁ గంచరగాడిదల మోపులకొలఁది వెండికడ్డీలు, గుహద్వారమున నొక యస్థిపంజరము. చూచినవాఁ డొక్కఁడు, అతఁడు మరల వచ్చి వెదకునప్పటికి గండి కానరాదు. తెలుఁగునాఁట లంకెబిందెల కథలు వినుచుఁ బెరిగినవారి కీ కథల పోకడ క్రొత్త కాదు.

వీనిని సేకరించి గ్రంథముగాఁ గూర్చినవారిలో జె. ఫ్రాంక్ డోబీ (1888–1964) అగ్రగణ్యుఁడు. ఈతఁడు టెక్సాసునఁ బశుక్షేత్రముల నడుమఁ బుట్టి పెరిగి, ఆస్టిను నగరమందలి టెక్సాసు విశ్వవిద్యాలయమున నాంగ్లసాహిత్యమును బోధించెను. టెక్సాసు జానపదవిద్యాపరిషత్తునకు 1922 మొదలు 1943 వఱకుఁ గార్యదర్శియు సంపాదకుఁడునై యుండెను. ఆ పరిషత్తు పక్షమున 1924-లో టెక్సాసు ఐతిహ్యముల సంపుటము నొకదానిని, 1930-లోఁ దన స్వతంత్రగ్రంథముగా ‘కొరొనాడో సంతానము’ అనుదానిని, 1939-లో ‘అపాచీ బంగారము, యాకీ వెండి’ అనుదానిని బ్రకటించెను. ఇచట విమర్శింపఁబడునది రెండవది.

గ్రంథమునకుఁ గల గుణములు తక్కువవి కావు. నిధివేఁటలో నాయువంతయు వ్యయపఱచిన వృద్ధులను డోబీ పరిహసింపఁడు. వారి మాటను వారి నోటనే పలికించును. పశువులకాపరి నోటఁ బశువులకాపరి భాషయే యుండుట శిష్టభాషాభిమానులకును దోషము కాదు. పాత్రౌచిత్యము నాట్యలక్షణకర్తలు విధించినదే. ముండ్లపొదలు, ఎండిన వాఁగులు, రాత్రివేళ మంటచుట్టుఁ గూర్చున్నవారి యూహలు వర్ణించునపు డతని వచనము నిండుగ నడచును. కథ నిజమని యతఁడు పట్టుపట్టఁడు, అబద్ధమని కొట్టివేయఁడు.

దోష మున్నది సంపాదకత్వమున. కథ దానిని జక్కఁగఁ జెప్పఁగలవాని సొత్తని డోబీ మతము. ఆ మతము ననుసరించి యతఁడు పలువురు చెప్పిన పాఠములను గలిపి, పొసఁగనివానిని విడిచి, పొసఁగినవానికి మెఱుఁగు పెట్టి, ఒక్క కథగా నల్లును. తాళపత్త్రప్రతులు నాలుగింటిని ముందిడుకొని, ఒక్కొకదానినుండి తనకు రుచించిన పాఠమును దీసి యైదవప్రతిని వ్రాసి, ఆ నాలుగింటిని మూటగట్టి యటక నెక్కించిన పరిష్కర్తవంటిది యీ పని. చదువుట కైదవప్రతి హాయిగనే యుండును. అందుఁ గాపరి చెప్పిన దెంత, వార్తాపత్త్రికలోనుండి వచ్చిన దెంత, డోబీ చేర్చిన దెంత యని యడిగినచో నుత్తరము లేదు. రసికునకు దీనివలన నష్టము లేకపోవచ్చును. ఐతిహ్యమునుండి చరిత్రాంశమును వేఱుచేయఁ గోరువానికిఁ జేతిలోని పనిముట్టు విఱిగినట్లే.

ఆ వేఱుచేయు పనికి వ్యాకరణశాస్త్రమందలి లోపసంజ్ఞ మిక్కిలి తోడ్పడును. లోపమనఁగా నభావము కాదు, ఉండవలసిన దాని యదర్శనము. ప్రత్యయము లోపించినను దానివలనఁ గలుగు కార్యము నిలుచును. ‘అగ్నిచిత్’ శబ్దమున క్విప్ప్రత్యయ మొక్క యక్షరమైనను మిగులక పోయినది, దాని నాశ్రయించి వచ్చిన తకారము మాత్రము కంటికిఁ గనఁబడుచున్నది. నిక్షేపకథలును నిట్లే నడచును. వెండి కానరాదు, వెండిని నిమిత్తముగఁ జేసికొని పుట్టిన గోతులు, పటములు, మార్గపత్త్రములు, మరణములు మాత్రము కానవచ్చును. నిధి వెదకువాఁ డాడుమాటయు నిదియే: ఇన్ని గుర్తు లుండఁగా నిధి లేకుండునా?

ఇచట వాఁడు మఱచినది యొకటి కలదు. వ్యాకరణమునఁ బ్రత్యయము మొదట విధింపఁబడును, పిదప లోపించును. విధి లేనిచోట లోపము లేదు, ఉన్నది వట్టి లేమియే. కావునఁ బ్రతికథయొద్దను విమర్శకుఁ డడుగవలసిన ప్రశ్న ‘నిధి యేమయ్యెను?’ అనునది కాదు. ‘నిధి మొదట నెవరిచే, ఏ పత్త్రమున విధింపఁబడినది?’ అనునది. స్పెయినురాజులు తమ రాజ్యమునఁ దీసిన వెండియం దైదవవంతును, పిదపఁ బెక్కు గనిసీమలలోఁ బదవవంతును బన్నుగఁ గొనుచుండిరి. లేఖకులు లెక్క వ్రాయుచుండిరి. జకతేకాసు గనుల వెండి యీ లెక్కలకు నెక్కినది. గండిలో దాఁగిన మోపుల వెండి యే లెక్కకు నెక్కలేదు. కథకుఁడు దీనికిని సిద్ధముగనే యుండును. లెక్క యొక మఠమున నుండెననియు, మఠము కాలిపోయెననియుఁ జెప్పును. సాక్షికి సాక్షియు లోపించినదన్నమాట.

డోబీగ్రంథమున మొదటి కథయైన సాన్ సబా గని కీ పరీక్ష చేసి చూడఁదగును, ఏలనఁగా దీనికి విధి నిజముగఁ గలదు. 1756-లో బెర్నార్దో దె మిరాండా యను నధికారి సాన్ అంతోనియోనుండి వెడలి లానో నదీప్రాంతమునఁ గావిరంగు మంటివలన ‘లోస్ ఆల్మాగ్రెస్’ అని పేరుగన్న గనిని బరిశీలించెను. రాష్ట్రమందలి ప్రతివానికి నొక్కొక గని యీయఁజాలునంత సమృద్ధి యచటఁ గలదని విన్నవించెను. మెక్సికోనగరమునకుఁ బంపిన మట్టి మూఁడు పౌనులు. పరీక్షింప నది చాలదని చెప్పిరి. మఱుసటియేఁడు, అనఁగా 1757-లో, వేఱొకచోట, సాన్ సబా నదీతీరమున నపాచీలకొఱకు క్రైస్తవమఠ మొకటియుఁ దత్సమీపమున నొక కోటయు వెలసినవి. 1758 మార్చి 16-వ తేదీని గొమాంచీలును వారి మిత్రజాతులును మఠమును దగులఁబెట్టిరి. మఠాధిపతియైన అలోన్సో హిరాల్దో దె తెఱ్ఱెరోస్ మృతుఁడయ్యెను. ఆల్మాగ్రెస్ గని పెద్దయెత్తునఁ ద్రవ్వఁబడనే లేదు.

కథలో నీ రెండు తావు లొకటైనవి. గని లానోప్రాంతమునుండి లేచి సాన్ సబాకోట ప్రక్కకు వచ్చినది. మఠదహనము గనిరహస్యమును గప్పిపుచ్చిన ప్రళయమైనది. మూఁడుపౌనుల మట్టి మోపులకొలఁది కడ్డీ లైనది. పిమ్మట జేమ్సు బోవీ యను వీరుఁడు గనిని గన్నులారఁ జూచెనని చేర్చిరి. అతఁడు 1831-లో నా ప్రాంతమున వెండి వెదకఁబోయి యింద్యనులతోఁ బోరాడినమాట నిజము. 1836 మార్చి 6-వ తేదీని అలామోకోటలో నతఁడు హతుఁడైన మాటయు నిజము. చూచినవాఁడు చచ్చుట కథకుఁ గావలసియుండఁగాఁ జరిత్రమే యొక ప్రసిద్ధమరణము నొసఁగినది. ఇరువదవశతాబ్ది యారంభమున హెర్బర్ట్ బోల్టన్ అను చరిత్రకారుఁడు మిరాండా దినచర్య ననుసరించి పోయి, లానో మండలమున హనీ యేటియొద్దఁ బాతగుంటను గుర్తించెను. గుంట దొరకిన పిదపఁ గథ ముగియవలసినది. ముగియలేదు, ఏలనఁగాఁ గథలోని గని యది కాదు!

ఇఁక గ్రంథనామమును విచారింపవలసియున్నది. నిధులకై తిరుగువారి కందఱకును డోబీ కొరొనాడోను మూలపురుషునిఁ జేసెను. అపత్యార్థమునఁ దద్ధితము జనకవాచకముమీఁద రావలెను గాని వేఱొకనిమీఁద రారాదు. ఈ కథల కెవఁడు జనకుఁడు?

న్యాయభాష్యకారుఁ డైతిహ్యమునకు లక్షణము చెప్పుచు, మొదట నెవఁడు చెప్పెనో నిర్దేశింపఁబడని పరంపరాగతవాక్య మది యనెను. నిక్షేపకథలును నట్టివే యని సామాన్యముగఁ దోఁచును. కాని యీ పరంపర కొక ప్రథమవక్త కలఁడు. అతని మాటలు గ్రంథస్థములై నిలిచియున్నవి. కొరొనాడోసేనలో నుండిన పేద్రో దె కాస్టనేడా యను భటుఁడు ముసలితనమున వ్రాసిన వృత్తాంతమునకు 1596-నాఁటి ప్రతి యొకటి న్యూయార్కు గ్రంథాలయమునఁ గలదు. జార్జి పార్కర్ విన్‌షిప్ దానిని స్పెయిను మూలముతోను నాంగ్లానువాదముతోను 1896-లోఁ బ్రకటించెను. డోబీగ్రంథముతోడ దీనిని జదువనివారికిఁ గథ సగమే తెలిసినట్లు.

1539-లో ఫ్రే మార్కోస్ అను సన్న్యాసి యుత్తరదిక్కునఁ దాను దూరమునుండి చూచిన సీబొలాపట్టణము మెక్సికోకంటెఁ బెద్దదని వచ్చి చెప్పెను. అతనికి ముందుగ నడచిన ఎస్తెబాన్ అను మొరాకోదేశపు బానిస యచటనే చంపఁబడెను. ఆ మాట నమ్మి ఫ్రాంచిస్కో వాస్కెస్ దె కొరొనాడో 1540-లో సేనతో వెడలి, జూలై 7-వ తేదీని హావికూ నాక్రమించెను. అది జూనీల యూరు. అందు దొరకినవి మొక్కజొన్నలు, చిక్కుడుగింజలు. మార్కోసుకథ యానాఁడే చచ్చినది. ఆ సన్న్యాసి యవమానముతో వెనుకకుఁ బోయెను.

చావని కథను జెప్పినవాఁడు వేఱు. పేకోస్ గ్రామమున బందీగ నున్న మైదానదేశపువాని నొకని స్పెయినువారికి మార్గదర్శిగ నిచ్చిరి. తలకట్టును జూచి స్పెయినువారు వానికిఁ దురుష్కుఁడని పేరు పెట్టిరి. తల్లిదండ్రులు పెట్టిన పేరు గ్రంథముల కెక్కలేదు. తూర్పున క్వివిరా యను దేశము కలదనియు, అందు రెండుక్రోసుల వెడల్పుగల నది పాఱుననియు, ఆ నదిలోని చేఁపలు గుఱ్ఱములంత యుండుననియు, పడవల ముక్కులకు బంగారుగ్రద్దలు కట్టియుండుననియు, రాజు పగటిపూఁట బంగారుగంటలు వ్రేలాడు చెట్టునీడ నిద్రించుననియు నీ తురుష్కుఁడు చెప్పెను. తన బంగారుకడియము పేకోస్ పెద్దలయొద్ద నున్నదని కూడఁ జెప్పెను. పెద్దలు లేదనిరి. స్పెయినువారు వారిని సంకెలలు వేసి కొనిపోయి, ఒకనిమీఁదికిఁ గుక్కల నుసికొల్పిరి. 1541 వసంతమున సేన తూర్పునకుఁ గదలెను. క్వివిరా, నేఁటి కాన్సస్ రాష్ట్రమందలి భూమి, కనఁబడినప్పు డచట నున్నవి గడ్డియిండ్లు. ఒక పెద్ద మెడలో వ్రేలాడు రాగిబిళ్ల మాత్రము లోహ మనిపించుకొన్నది. తురుష్కునిఁ గంఠము బిగించి చంపిరి.

చావునకు ముందు వాఁడు చెప్పినదిగాఁ గాస్టనేడా వ్రాసినది ముఖ్యము. సేనను దూరముగ మైదానములలోనికిఁ గొనిపోయి త్రోవ తప్పింపుమని పేకోస్‌వారే తన్నుఁ గోరిరనియు, ఆహారము లేక గుఱ్ఱములు చచ్చి మనుష్యులు డస్సి తిరిగివచ్చినచో సులభముగఁ జంపఁగలమని వారి తలంపనియు, తాను స్వదేశముదిక్కునకుఁ బోఁగోరితిననియు వాఁడు చెప్పెనఁట.

పూర్వపక్షము లిచట రెండు గలవు. సంకెలలో నున్నవాని నోట రాఁబట్టి, చంపినవారే వ్రాసికొన్న మాట యాప్తవాక్య మెట్లగును? ఈ యాక్షేపము బలమైనది. ఆ యొప్పుకోలునంతటిని నక్షరాలఁ గొనరాదు. ఐనను సేన పేకోస్ విడిచి మైదానములఁ బడి వేసవియంతయు నలసినది యనుట కా యొప్పుకోలుతోఁ బనిలేదు, సేన నడిచిన త్రోవయే సాక్షి. రెండవది శబ్దార్థవిషయము. తురుష్కుఁడు బంగారమునకు ‘అకోచిస్’ అను మాట వాడెనని స్పెయినువారు వ్రాసిరి. విచిటాజాతీయుల భాషలో నట్టి మాట లోహసామాన్యమునకు వాచకమని పండితు లూహించిరి. అట్లయిన వాఁడు లోహ మున్నదనెను, విన్నవారు బంగారమనుకొనిరి. సామాన్యవాచకమును విశేషపరముగ గ్రహించుటవలనఁ గలిగిన భ్రాంతియే కాని వానియందు మోసము లేదు. క్వివిరాపెద్ద మెడలోని రాగిబిళ్ల యీ వాదమునకుఁ దోడ్పడును. కాని స్పెయినువారు లోహపునగలు చూపఁగా వాఁడు వాసన చూచి, ఇది బంగారము కాదు, బంగారమును వెండిని దా నెఱుఁగుదుననెనని కాస్టనేడాయే వ్రాసియున్నాఁడు. శక్తిగ్రహము తప్పినవాఁ డట్లు పరీక్షింపఁడు. బంగారుగంటల చెట్టు శబ్దభ్రాంతిచే మొలచునది కాదు. కావున వాఁడు తెలిసియే కథ కల్పించెననుట యుక్తతరము. ఇంటిమీఁదికి వచ్చిన సేనను దవ్వునకుఁ బంపుటకుఁ జేత నాయుధము లేని బందీకి నోటిమాటయే యాయుధమైనది.

అట్లైనచో నీ కథాపరంపరకు జనకుఁడు తురుష్కుఁడు. కొరొనాడో ప్రథమశ్రోత మాత్రమే. శ్రోతకుఁ బితృత్వ మిచ్చి వక్తను విస్మరించుట నామకరణదోషము. ఆ దోష మొక్క పేరుతో నిలువదు. డోబీ చెప్పిన కథలలో నింద్యనులు సామాన్యముగ రెండే వేషములు వేయుదురు: నిధి మోసి చంపఁబడిన కూలివాఁడు, లేదా నిధిని గాచుచు వెదకవచ్చినవానిఁ జంపు శత్రువు. మాటతో సేనను నడపినవాఁడు, తెలిసియుఁ ద్రోవ చూపనివాఁడు కథలనుండి లోపించిరి. నిధిలోపమునకు విధి వెదకవలసియుండెను. ఈ లోపమునకు విధి కాస్టనేడాగ్రంథమున స్పష్టముగ నున్నది.

గండివిషయమునను నిదియే జరిగినది. 1540-లో గార్సియా లోపెస్ దె కార్డెనాస్ హోపీ మార్గదర్శులతో నిరువది దినములు నడచి, నేఁడు లోకప్రసిద్ధమైన కొలరాడోనది మహాగండి యంచునకుఁ జేరెను. మూఁడుదినములు దిగుత్రోవ వెదకిరి. చుఱుకైనవారు మువ్వురు దిగి, మూఁడవవంతు పోయి, సాయంకాలమునకు మరలివచ్చిరి. పైనుండి నిలువెత్తుగఁ గనఁబడిన బండలు దగ్గఱకుఁ బోఁగా సెవిల్‌నగరపు మహాగోపురముకంటె నెత్తుగ నున్నవనిరి. అంచున నిలిచినవానికి గండి కొలఁది తెలియదనుట కింతకంటె నిదర్శనము లేదు. కొలఁది తెలియనిచోట నెంత నిధినైన నుంచవచ్చును. హోపీ లుప్పుకొఱకు నా గండిలోనికి దిగు త్రోవ తరతరములుగఁ గలదు. స్పెయినువారి కది చూపఁబడలేదు. అది రహస్యరక్షణమో, వారిని దెచ్చిన చోటునకుఁ ద్రోవ దూరమగుటయో నిర్ణయింప నలవి కాదు. గండిలో నిజముగ నున్న ధన ముప్పు.

క్వివిరా యనుపేరు మాత్రము కాన్ససునందు నిలువలేదు. న్యూమెక్సికోయందు లాస్ ఉమనాస్ అను పాడుపడిన యూరికి, ఏ సంబంధమును లేకయే, ‘గ్రాన్ క్వివిరా’ యను నామ మంటుకొన్నది. లక్షణావృత్తికైనను ముఖ్యార్థసంబంధము కావలెనందురు, ఇచట నదియు లేదు. కఱవుచేతను నపాచీల దాడులచేతను 1670-ల ప్రాంతమున జనులు విడిచిన యా యూర, ముగియని క్రైస్తవాలయము గోడలు నిలిచియుండెను. పేరు నమ్మి వచ్చినవా రా యాలయమును జుట్టుపట్ల నిండ్లను గోతులు చేసిరి. 1909-లోఁ బ్రభుత్వము దానిని జాతీయస్మారకముగఁ బ్రకటించెను. గుప్తనిధులకై పెకలింపఁబడిన శివాలయముల పానవట్టములను జూచినవారికిఁ దక్కినది చెప్పనక్కఱలేదు.

కొరొనాడోసేన నిజముగ విడిచిన వస్తువులు గండిలోనే దొరకుట చిత్రము. టెక్సాసునందలి ఫ్లాయిడ్ మండలమున బ్లాంకో గండిలో, 1990-ల నడుమ స్థానికుఁ డొకఁడు లోహశోధనయంత్రముతో వెదకి తీసిన వస్తువులను విచిటా విశ్వవిద్యాలయపుఁ బురావస్తుపండితులు పరీక్షించి, త్రవ్వకములు జరిపి, ఆ సేన విడిదిని గుర్తించిరి. దొరకినవి గుఱ్ఱపులాడముల మేకులు, రాగితోఁ జేసిన యంత్రధనుస్సుల బాణపుములుకులు. ఇట్టి రాగిములుకు లీ సేనకు గుఱుతులని పండితుల నిర్ణయము. మైదానములలో నొక గండియందు సేన విడిసియుండఁగా నొకనాఁటి సాయంకాలము గిన్నెలంత వడగండ్లు పడినవనియు, గుడారములు చినిఁగినవనియు, శిరస్త్రాణములు సొట్టలు పడినవనియు, గుఱ్ఱములు బెదరి చెదరినవనియుఁ గాస్టనేడా వ్రాసెను. ఆ గండి యిదే కావచ్చును. ఆనాఁటి నష్టములలో సేన కెక్కువ యిబ్బంది కలిగించినది కుండలు పగులుటయఁట. ఆ మైదానములలో సొఱకాయబుఱ్ఱలు దొరకవు, అచటివారు కుండలు చేయరు, నీళ్లు త్రాగుటకుఁ బాత్ర లేకపోయినది.